రెండూ తప్పయితే రెండూ ఒప్పే

నా పదహారో ఏట, వేసవి సెలవుల్లో, మా ఊరి మైకుసెట్టు బాబాయ్ వెంట తిరిగేవాణ్ణి. తీగలు చుట్టడం, బాక్సులు మోయడం, జనరేటర్‌లో డీజిల్ పోయడం నా పని. ఒక పెళ్ళిలో పందిరికి అటొకటి, ఇటొకటి పెద్ద బాక్సులు పెట్టి టేపు వేశాం. పాట వస్తోంది గానీ అందులో సత్తువ లేదు. డోలక్ దెబ్బ చెవికి వినిపిస్తోంది, గుండెకు తగలడం లేదు. పందిరి నడిమధ్యన నిలబడితే పాడే గొంతు ఎటునుంచి వస్తోందో అంతు చిక్కడం లేదు. బాక్సు దగ్గరికి పోయి వింటే మాత్రం ఏ లోటూ లేదు. నేను ఆంప్లిఫయరు ముందు కూచుని బేస్ నాబ్ తిప్పిందే తిప్పుతున్నాను.

బాబాయ్ నన్ను పక్కకు జరగమని, చొక్కా జేబులోంచి టార్చిలైటు సెల్లు ఒకటి తీశాడు. ఆంప్లిఫయరు వెనక బిగించిన స్పీకరు తీగలు ఊడదీసి, "పోయి బాక్సు ముందు నిలబడి కోను ఎటు కదిలిందో చెప్పరా" అన్నాడు. ఎర్ర తీగను సెల్లు పై మొనకు, నల్ల తీగను అడుగుకు తాకించగానే టప్పుమంది. "ముందుకొచ్చింది బాబాయ్" అని అరిచాను. రెండో బాక్సు దగ్గర మళ్ళీ టప్పుమంది. ఈసారి కోను లోపలికి పోయింది. అంతే, సంగతి తేలిపోయింది. ఆ బాక్సు తీగలు అటుదిటు మార్చి బిగించాడు. డోలక్‌కు ప్రాణం వచ్చింది. గొంతు వచ్చి పందిరి నడుమ నిలబడింది.

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. "బాబాయ్, మరి రెండు బాక్సులకూ తిరగేసి తగిలిస్తేనో?" అన్నాను. ఆయన నవ్వి, "రెండూ తప్పయితే రెండూ ఒప్పేరా అబ్బాయ్" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. ఎందుకంటే సరిగ్గా ఈ ప్రశ్న మీదే పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు నూటయాభై ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. ఒక శబ్దాన్ని మొత్తంగా తిరగేస్తే మన చెవికి తెలుస్తుందా? బాబాయ్ మాట ఎంతవరకు నిజం? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

తిరగేయడమంటే ఏమిటో ముందు చూద్దాం. శబ్దమంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. స్పీకరు కోను ముందుకొస్తే ఎదుటి గాలి నొక్కుకుంటుంది, వెనక్కి పోతే పలచబడుతుంది. తీగలు మారిస్తే నొక్కాల్సిన క్షణాన లాగుతుంది, లాగాల్సిన క్షణాన నొక్కుతుంది. ఆలస్యం ఏమీ జరగదు. శ్రుతి మారదు, తాళం మారదు, గట్టితనం మారదు. సౌండు పనివాళ్ళు దీన్ని ఫేజ్ తిప్పడం అంటారు. మిక్సరు మీద అడ్డగీత కొట్టిన సున్నా గుర్తుతో దీనికొక బటనే ఉంటుంది. మాట పట్టింపు ఉన్నవాళ్ళు, ఫేజ్ అంటే కాలంలో ముందువెనకలనీ, ఇది పోలారిటీ మార్చడమనీ సరిదిద్దుతారు. మనం తిరగేయడమనే అందాం.

ఊగుతున్న ఉయ్యాలను తలుచుకోండి. కళ్ళు మూసుకుని ఉండి, అది ఊగుతుండగా కళ్ళు తెరిచారు. దాన్ని మొదట ముందుకు తోశారా, వెనక్కి లాగి వదిలారా? చెప్పలేరు. ఒకే స్వరం, ఏ మిశ్రమమూ లేని శుద్ధ స్వరం, ఈ ఉయ్యాల లాంటిదే. దాన్ని తిరగేస్తే అది అర ఊపు ముందో వెనకో జరిగినట్టు అవుతుంది, అంతే. అక్కడ తేడా వినిపించే ప్రసక్తే లేదు.

కానీ లోకంలో శబ్దాలన్నీ అంత సమానంగా ఊగవు. వరిపొలం చూడండి. వెడల్పాటి మళ్ళు, వాటి మధ్య సన్నటి ఎత్తయిన గట్లు. ఇప్పుడు ఆ పొలాన్ని బోర్లించారనుకోండి. గట్లున్న చోట సన్నటి లోతైన కాలువలు, మళ్ళున్న చోట వెడల్పాటి మెరకలు వస్తాయి. కొలతలన్నీ అవే, కానీ అది ఆ పొలం కాదు. మనిషి గొంతు ఇలాంటి పొలమే. స్వరతంత్రులు మెల్లగా తెరుచుకుంటాయి, టక్కున మూసుకుంటాయి. ఆ మూతపడే క్షణంలో ఒక వాడి మొన పుడుతుంది. అది ప్రతి ఊపులోనూ ఒకే వైపుకు పొడుచుకొస్తుంది. ట్రంపెట్ అల కూడా అంతే, ఒక పక్క కోసుగా, ఇంకో పక్క చదునుగా ఉంటుంది. కాబట్టి ప్రశ్న ఇలా మారుతుంది: మన చెవి గట్టుకూ కాలువకూ తేడా కనిపెట్టగలదా?

కనిపెట్టలేదన్నారు పాతకాలపు జర్మన్ పండితులు. విద్యుత్తు పాఠంలో మనం చదువుకున్న ఓమ్ నియమం ఉంది కదా, ఆ గేయోర్గ్ ఓమే 1843లో చెవి గురించి కూడా ఒక సూత్రం చెప్పాడు. చెవి శబ్దాన్ని విడి విడి శుద్ధ స్వరాలుగా విడదీసి, ఏది ఎంత ఉందో లెక్క కట్టుకుంటుందన్నాడు. ఆగస్ట్ జేబెక్ అనే శాస్త్రవేత్త సైరన్లతో ప్రయోగాలు చేసి దీన్ని ఒప్పుకోలేదు. ఇద్దరికీ గట్టి వాగ్వాదమే నడిచింది. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ వచ్చాడు. విద్యుత్తుతో మోగే శ్రుతిదండాల వరుస పెట్టుకుని, వాటి స్వరాలను కలిపి, ఒకదానికొకటి ముందువెనకలు జరిపి విన్నాడు. శబ్దపు రంగు ఏ స్వరం ఎంత ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది, అవి ఏ వరుసలో కలిశాయన్నదాని మీద కాదని 1863లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. కూర రుచి ఉప్పూ కారం పాళ్ళ మీద ఉంటుంది గానీ ఏది ముందు వేశారన్నదాని మీద కాదన్నట్టు. మన ఇళ్ళలో వంట చేసేవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. చెవి కూడా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఎందుకో చెబుతాను. మన లోపలి చెవి నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది. అందులో రోమకణాలున్నాయి. శబ్దపు కదలిక అక్కడికి చేరినప్పుడు ఆ కణాల మీది సన్నని రోమాలు అటూ ఇటూ వంగుతాయి. ఒక వైపుకు వంగితే కణం మేలుకుని నాడికి కబురు పంపుతుంది. రెండో వైపుకు వంగితే ఊరుకుంటుంది. అంటే ఆ గుమ్మానికి తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. సుమారుగా చెప్పాలంటే, గాలి కర్ణభేరిని బయటికి లాగే సగంలో కబురు ఎక్కువగా వెళ్తుంది, లోపలికి నెట్టే సగంలో నాడి మౌనంగా ఉంటుంది. సుమారు 4,000 హెర్ట్జ్ దాకా నాడులు ఇలా అలతో అడుగు కలిపి నడుస్తాయి. చెవి పరీక్షల్లో బేరా అనేదొకటి ఉంది. పసిపిల్లలకు వినికిడి ఉందో లేదో చూసేది. చెవిలో టిక్కు టిక్కుమనిపిస్తూ తల మీద అంటించిన తీగలతో నాడి జవాబును గీతలుగా తీస్తారు. ఆ టిక్కును గాలిని నొక్కేలా ఇవ్వాలా, లాగేలా ఇవ్వాలా, ఒకటి విడిచి ఒకటి ఇవ్వాలా అన్నది పరీక్ష చేసేవాళ్ళు ఎంచుకుంటారు. ఎందుకంటే వచ్చే గీతలు కొద్దిగా మారతాయి.

అంటే చెవి దగ్గర తేడా ఉంది. మరి ఆ తేడా మన దాకా, అంటే వింటున్నానని అనుకునే మనిషి దాకా వస్తుందా?

1962లో చార్లెస్ వుడ్ అనే ఆయన వస్తుందని రాశాడు. 1988లో క్లార్క్ జాన్సెన్ ఆయన పేరు మీదే ఒక పుస్తకం వేసి, సంగీతం వినేవాళ్ళంతా దీన్ని పట్టించుకోక తప్పుదోవ పడుతున్నారని వాదించాడు. ఈ రెండిటికీ మధ్య, 1982లో, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన లిప్‌షిట్జ్, పొకాక్, వాండర్‌కోయ్ ఆడియో ఇంజనీర్ల పత్రికలో తమ ప్రయోగాలు ప్రకటించారు. ఒక స్వరానికి దాని పై స్థాయి స్వరాన్ని చేర్చి, గట్లున్న అలను తయారుచేసి, హెడ్‌ఫోన్లలో వినిపిస్తే, తిరగేసినప్పుడు తేడా వినిపించింది. 1994లో అమెరికాలో గ్రైనర్, మెల్టన్ కూడా ఇదే పని చేశారు. కొన్ని వాయిద్యాల ఒంటరి స్వరాల్లో, ప్రత్యేకంగా అమర్చిన పరిస్థితుల్లో తేడా పట్టుకోవచ్చు, నిండైన సంగీతంలో పట్టుకోవడం బహుకష్టమని తేల్చారు. కాబట్టి జవాబు ఉందీ, లేదూ. ఉండడం హెడ్‌ఫోన్లలో, ఒంటరి స్వరంలో. లేకపోవడం మన నట్టింట్లో.

నట్టింట్లో అది ఎందుకు కరిగిపోతుంది? స్పీకరు నుంచి నేరుగా వచ్చే శబ్దం మొదట చేరుతుంది. దాని వెనకే గోడ నుంచి, నేల నుంచి, బీరువా అద్దం నుంచి తిరిగొచ్చేవి చేరతాయి. ఒక్కొక్కటి ఒక్కో ఆలస్యంతో వస్తుంది. నిక్కచ్చిగా ఉన్న గట్లన్నీ కలిసి చదునైపోతాయి. పైగా అసలు పాటే సరైన వైపు ఉందని ఎవరు చెప్పొచ్చారు? స్టూడియోలో ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్లలో ఒక్కో అంచె దాటినప్పుడల్లా అల సాధారణంగా తిరగబడుతుంది. అంచెలు సరిసంఖ్యలో ఉంటే మళ్ళీ మామూలు, బేసి సంఖ్యలో ఉంటే ఉల్టా. దాన్ని లెక్కపెట్టి కాపాడినవాళ్ళు తక్కువ. మీ ఇంటి స్పీకరు బాక్సు సంగతే చూడండి. పెద్ద స్పీకరు పక్కన సన్నటి ధ్వనులకు చిన్న స్పీకరుంటుంది కదా. చాలా బాక్సుల్లో ఆ రెండూ చక్కగా కలవడం కోసం, తయారుచేసేవాళ్ళే చిన్నదాన్ని కావాలని ఉల్టా కలుపుతారు. సరైన వైపు అని మీరు అనుకునే బాక్సులోనే ఒకడు తలకిందులుగా నిలబడి ఉన్నాడన్నమాట.

దీనికంటే పాత ఉదాహరణ మన వీధుల్లోనే ఉంది. డప్పుకు ఒక పక్కే తోలు, రెండో పక్క ఖాళీ. కర్ర పడగానే తోలు లోపలికి, వాయించేవాడి వైపు వంగుతుంది. ఎదుట నిలబడ్డ జనం వైపు గాలి మొదట పలచబడుతుంది. అదే క్షణంలో డప్పు వెనక గాలి నొక్కుకుంటుంది. అంటే ఒకే దెబ్బ ఎదుటివాళ్ళకు ఒకలా, వాయించేవాడికి ఉల్టాగా చేరుతోంది. ఎన్ని జాతర్లలో, ఎన్ని ఊరేగింపుల్లో ఆ డప్పు మోగి ఉంటుంది! దాని ముందు నడిచినవాళ్ళూ వెనక నడిచినవాళ్ళూ వేరే వేరే దరువు విన్నామని ఎన్నడూ తగువు పడలేదు.

ఇంత చెప్పినా, తీగలు మార్చగానే పాట విచ్చుకుంది, తెర తొలగిపోయింది అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని నేననను. మనం తేడా ఉంటుందనుకుంటే తేడా వినిపిస్తుంది, అది మనిషి నైజం. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని స్పీకర్ల కోను ముందుకు ఒకలా, వెనక్కి ఇంకోలా కదులుతుంది. అప్పుడు తిరగేస్తే స్పీకరు చేసే తప్పు మారుతుంది. వినిపించే తేడా చెవి గొప్ప కాదు, స్పీకరు లోపం. అందుకే నిజం తేల్చాలంటే కళ్ళు కట్టుకోవాలి. స్నేహితుణ్ణి కూచోబెట్టి నాణెం ఎగరేయమనండి. బొమ్మ పడితే మామూలుగా, బొరుసు పడితే తిరగేసి వినిపించమనండి. 16 సార్లు వినండి, ప్రతిసారీ ఏదో రాయండి. ఏమీ తెలియకుండా ఊహించి రాసినా 8 దాకా ఒప్పవుతాయి. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒప్పయితే అది అదృష్టం కావడానికి అవకాశం 100కు 4 కంటే తక్కువ. నేనూ ఇలా కూచున్నాను. సినిమా పాటతో అయితే నా చెవికీ నాణేనికీ పెద్ద తేడా లేకుండా పోయింది.

ఇక్కడిదాకా విని, అయితే ఈ ప్లస్సూ మైనస్సూ గొడవ దండగే కదా అనుకోకండి. పెళ్ళిపందిరి మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఒక్క బాక్సు తిరగబడితే డోలక్ ప్రాణమే పోయింది. ఒక్కటి నొక్కుతుంటే రెండోది లాగుతోంది. లావాటి ధ్వనుల అలలు మీటర్ల పొడవుంటాయి. పందిరి నడుమ నిలబడ్డవాళ్ళకు రెండు బాక్సుల దూరాల్లో తేడా వాటి ముందు లెక్కలోకి రాదు. అందుకే అవి ఒకదాన్నొకటి మింగేశాయి. శబ్దం ఒంటరిగా ఉన్నంతసేపు దానికి తలా కాళ్ళూ ఉన్నట్టే తెలియదు. పక్కన రెండోది వచ్చిందా, ఎవరి తల ఎటుందన్నదే సర్వస్వం.

ఇది రేడియో వాళ్ళకు బాగా తెలుసు. ఎఫ్.ఎం.లో స్టీరియో పంపేటప్పుడు కుడి, ఎడమలను విడివిడిగా పంపరు. రెండిటి మొత్తాన్ని ఒకటిగా, రెండిటి తేడాను ఇంకొకటిగా పంపుతారు. తేడా 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కి వస్తుంది. ఒకే స్పీకరున్న చిన్న రేడియో మొత్తాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఇప్పుడు స్టూడియోలో ఒక వైపు తీగ తిరగబడిందనుకోండి. మొత్తం చేయాల్సిన చోట తేడా జరుగుతుంది. పాడేవాళ్ళ గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి సమానంలోంచి సమానం పోయి సున్నా మిగులుతుంది. పెద్ద సెట్టున్నవాళ్ళకు పాట వినిపిస్తూనే ఉంటుంది, చిన్న రేడియో వాళ్ళకు వాయిద్యాలు మిగిలి గొంతు మాయమవుతుంది. సినిమా పాటలోంచి గొంతు తీసేసి మనల్ని పాడుకోమనే పాతరకం కరావోకే ఉపాయం అచ్చం ఇదే. ఒకరికి ప్రమాదమైనది ఇంకొకరికి పాటల పోటీ.

విమానంలో చెవులకు పెట్టుకునే హోరు తగ్గించే హెడ్‌ఫోన్లదీ ఇదే సూత్రం. బయటి హోరును చిన్న మైకు వింటుంది, దాన్ని తిరగేసి చెవిలో వినిపిస్తుంది. రెండూ కలిసి చాలావరకు నిశ్శబ్దమవుతాయి. శబ్దాన్ని శబ్దంతోనే చంపే ఈ ఆలోచనకు పాల్ లూగ్ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్తకు 1936లో అమెరికా పేటెంటు దొరికింది. ఆనాటి పరికరాలకు అది అందలేదు. ముల్లును ముల్లుతోనే తీయాలని మనకు తెలుసు. రెండో ముల్లు సరిగ్గా ఎదురు దిక్కున, సరిగ్గా అదే సమయానికి రావాలి, అదే కష్టం.

ఇంకొక్కటి. చెవి గుర్తుపట్టలేని గట్టునూ కాలువనూ తప్పకుండా గుర్తుపట్టేది ఒకటుంది. అది మీడియం వేవ్ ప్రసారిణి. మన తరాలవాళ్ళు హైదరాబాదును 738 కిలోహెర్ట్జ్ మీద, విజయవాడను 837 మీద విన్నారు. అక్కడ ఒక స్థిరమైన తరంగం ఉంటుంది. మన గొంతు దాని ఎత్తును పెంచుతుంది, తగ్గిస్తుంది. పెంచడానికి కొంత చోటుంది, తగ్గించడానికి సున్నా దాకానే. సున్నా కంటే తక్కువ ఎత్తుండదు కదా. గొంతులోని వాడి మొనలు కింది వైపుకుంటే అవి సున్నాకు కొట్టుకుని విరుగుతాయి, మాట గరగరమంటుంది. పై వైపుకుంటే అదే ప్రసారిణితో మాట ఇంకాస్త గట్టిగా పోతుంది. అమెరికా నిబంధనల్లో పై వైపు 125 శాతం దాకా అనుమతి ఉంది, కింది వైపు మాత్రం 100 దాటకూడదు. అందుకే ఆ రోజుల్లో ఇంజనీర్లు మాట్లాడేవాళ్ళ మైకు ఏ దిక్కున ఉందో చూసేవాళ్ళు. తర్వాత గొంతు మొనలను రెండు వైపులకూ సమంగా పంచే సర్క్యూట్లు వచ్చాయి. గొంతు రూపం పూర్తిగా మారిపోయినా వినేవాళ్ళకు అది అదే గొంతు. చెవికి పట్టనిది ఇనప టవరుకు పట్టింది.

ఇక బాబాయ్ మాట దగ్గరికి వద్దాం. పందిరి వరకు ఆయన మాటే మాట. రెండూ తప్పయితే రెండూ ఒప్పే. ఇద్దరూ కలిసి నొక్కినా, ఇద్దరూ కలిసి లాగినా, పెళ్ళి జనానికి ఒకే పాట. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గదిలో ఒంటరిగా, ఒక్క గొంతునో ఒక్క బాకానో చెవి నిక్కించి వినేవాడికి మాత్రం ఆ మాటలో వెంట్రుకవాసి తేడా దొరకొచ్చు. ఆ వెంట్రుకవాసి కోసం ఖరీదైన పెట్టెలు కొనబోయే ముందు, మీ ఇంట్లో ఉన్న రెండు బాక్సులూ ఒకే మాట మీద ఉన్నాయో లేదో చూసుకోండి. దానికి డబ్బు అక్కర్లేదు. బాక్సులు రెండిటినీ ఎదురెదురుగా దగ్గరకు జరపండి. ఇలాంటి ఒక ప్రసంగమో వార్తలో పెట్టండి. సెట్టు ఆపి, ఒక బాక్సు తీగలు మాత్రం అటుదిటు మార్చి మళ్ళీ వినండి. ఏ అమరికలో గొంతు లావుగా, నిండుగా వినిపిస్తే అది సరైనది. అలా వదిలేయండి.

బాబాయ్ ఇప్పుడు లేడు. ఆయన మైకుసెట్టు సామాను ఎవరెవరో పంచుకున్నారు. ఎక్కడ బాక్సులు బిగించాల్సి వచ్చినా నేను ఇప్పటికీ ముందు సంచీలోంచి టార్చి సెల్లే తీస్తాను. ఎవరో ఒక కుర్రాణ్ణి బాక్సు ముందు నిలబెడతాను. ముందుకొచ్చిందా, లోపలికి పోయిందా అని నేనడగను. "రెండూ ఒకేలా కదిలాయా?" అని అడుగుతాను.